శుక్రవారం చల్లబడిన సముద్రం

సముద్రం శుక్రవారాల్లో ప్రత్యేకంగా చల్లబడదు. ఈ సంగతి మీకు తెలుసు. మీరు బడికి పోయి చదువుకున్నవాళ్లు, ఎవరైనా వింత మాట చెబితే అక్కడికక్కడే ఫోనులో వెతికి తేల్చేస్తారు. మా ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక జీపు, ఒక ఏసీ ఉండి కూడా, ఒక ఏడాది వినాయక చవితి దాటాక కొన్ని వారాల పాటు మాకు ఆ సంగతి తెలియలేదు. తెలియకపోతే తెలియకపోయింది, ఎందుకు చల్లబడుతోందో కారణాలు కూడా కనిపెట్టాం. ఆ కారణాల పుణ్యాన ఒక ఇంటివాళ్ల బోటు పోవలసింది. అది ఎట్లా పోకుండా నిలిచిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కావలి. మా నాయన పరుపులు కుట్టేవారు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, అందుకని బడికి పంపలేదు. పగలంతా దూది ఎగిరే ఇంట్లోనే కూర్చోబెట్టారు. ఆయాసానికి అదేం వైద్యమో నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ ఆ గదిలోనే ఆయన దూది ఏకుతూ నాకు ఎక్కాలు నేర్పారు, సూదికి దారం ఎక్కిస్తూ భూగోళం చెప్పారు. తర్వాత ఇంటి నుంచే కట్టి పరీక్షలు పాసయ్యాను. అల్లా ఆ తండ్రిని ఇచ్చినందుకు ఇప్పటికీ రోజూ ఒకసారి కృతజ్ఞత చెప్పుకుంటాను.

సముద్ర సమాచార కేంద్రం ఒకటి మా ఊళ్లో మేడ మీద అద్దెకు తెరిచారు. ఓడల నుంచీ ఆకాశం నుంచీ వచ్చే సముద్రపు కబుర్లను బోగోలు వైపు తీరం పల్లెలకు తెలుగులో వినిపించే ఉద్యోగం నాకు వచ్చింది. పల్లెల్లో స్తంభాలకు మైకులు కట్టారు. పొద్దున్నే గాలి ఎట్లా ఉంటుందో, అల ఎంత లేస్తుందో చెప్పేదాన్ని. నా పేరు అక్కడ ఎవరికీ తెలియదు. నన్నందరూ మైకక్క అనేవారు.

ఆఫీసులో పెద్దసారు ఒకరు, చిన్నసారు ఒకరు. పెద్దసారు మంచివారు. ఫ్యాను కింది కుర్చీ నాకిచ్చి తాను ఏసీ గదిలో సర్దుకున్న మనిషి. సముద్రం గురించి ఆయనకు తెలియని విషయం లేదు, సముద్రం పక్కన నిలబడితే మాత్రం కళ్లు తిరుగుతాయి. చిన్నసారు కంప్యూటర్లు చూసేవాడు. పెళ్లిచూపుల కాలం, అందువల్ల సగం మనసు ఆఫీసులో ఉండేది కాదు.

ఆ పల్లెల్లో ఒకదాంట్లో ఒక అక్క ఉండేది. చేపలు అమ్ముతుంది. ఆమె భర్తకు ఒక ఫైబర్ బోటు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ బోటు నీళ్ల మీదికి పోవాలి, అంతకు మించి వాళ్లకు ఇంకో ఆధారం లేదు. నేను పల్లెకు పోయినప్పుడల్లా ఆమె అరుగు మీదే కూర్చునేదాన్ని. ఆమె నా గొంతును ఎగతాళి చేసేది, నేను ఆమె తూకాన్ని.

పెద్దసారు ఒకసారి పల్లెలో ఉపన్యాసం ఇచ్చారు. ఉష్ణశక్తి పునఃపంపిణీలో సాగర ప్రవాహాల పాత్ర అని మొదలుపెట్టి, ఎండ నెత్తికి ఎక్కేదాకా మాట్లాడారు. ఆయన చెప్పింది చెప్పినట్టు మైకులో తిరిగి చెప్పడం నా పని. అంతా అయ్యాక అనుమానాలు అడగమన్నారు. అక్క లేచి, "మైకక్కా, ఇంతకీ రేపు బోటు ఎయ్యాల్నా వద్దా?" అని అడిగింది.

నిజానికి ఆ విషయం చాలా అందమైనది. సారు దాన్ని పుస్తకంలో ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చారు గనక ఎవరికీ కనబడలేదు. నాకు అది మా నాయన చేతుల్లో కనబడేది. పరుపులో దూది ఒకచోట ముద్ద కడితే మనిషి పడుకోలేడు. సూర్యుడు భూమికి నడుం దగ్గర వేడిని ఎక్కువగా కుక్కాడు, అంచుల్లో దాదాపు ఖాళీగా వదిలాడు. సర్దేవాళ్లు లేకపోతే నడుం దగ్గర ఉడికిపోయేవాళ్లం, అంచుల్లో గడ్డకట్టిపోయేవాళ్లం. గాలులూ సముద్రంలోని ప్రవాహాలూ కలిసి ఆ వేడిని ఇటు నుంచి అటు లాగి, తట్టి, పరుస్తూ ఉంటాయి. వేడినీళ్లు చేరిన చోట మబ్బు కడుతుంది, చల్లటి నీళ్లు చేరిన చోట గాలి తేటపడుతుంది. మన వానలు, మన ఎండలు, మన తుపాన్లు ఆ సర్దుబాటులోవే.

మన తీరానిది ఇంకో విచిత్రం. ఇక్కడి ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిక్కు మారుస్తుంది. ఎండలు ముదిరే నెలల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి వేడి మోసుకుని పోతుంది. మన వానాకాలం, అంటే దసరా తర్వాతి వానలు, మొదలయ్యే వేళకు వెనక్కి తిరిగి, ఉత్తరాన పెద్ద నదులన్నీ కుమ్మరించిన మంచినీళ్లను తీసుకుని దక్షిణానికి దిగుతుంది. ఆ మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్ల మీద మీగడలాగా తేలతాయి. పైన మీగడ ఉంటే కింది చల్లదనం పైకి రాదు. పైపొర వేడి పైపొరలోనే నిలుస్తుంది, తుపానుకు ఆ వేడే మేత. మధ్యలో కొన్ని వారాలు నీళ్లు ఎటు పోవాలో తేల్చుకోలేక నిలబడినట్టుంటాయి. ఆ తిరిగే వేళను పట్టుకోవాలని మా కేంద్రం ఒక తేలే యంత్రాన్ని నీళ్లలో వదిలింది.

యంత్రం చూడటానికి గుమ్మడికాయంత తెల్లటి బంతి. దాని కిందినుంచి తాడుకు పొడవాటి గుడ్డ గొట్టం వేలాడుతుంది. గాలి తోసినట్టు కాక నీళ్లు లాగినట్టు పోవడానికి ఆ గొట్టం. బంతి అడుగున వేడి కొలిచే సాధనం ఉంటుంది. ఎక్కడుందో, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో ఆకాశంలోని ఉపగ్రహానికి చెబుతుంది, అది మాకు చెబుతుంది. మా కంప్యూటర్లో ఒక ఎర్ర చుక్క కదులుతూ కనబడుతుంది.

దాన్ని వదిలిన రోజు పల్లెలన్నింటికీ మైకులో హెచ్చరిక చెప్పాను. తెల్ల బంతి కనబడితే ముట్టుకోవద్దు అని చెబుదామనుకున్నాను. పెద్దసారు ఒప్పుకోలేదు. విదేశాల నుంచి తెప్పించిన వస్తువును బంతి అంటే దాని గౌరవం ఏం కావాలన్నారు. ఆయన రాసిచ్చినట్టే, సాగర ప్రవాహ పరిశీలక ఉపకరణమును స్పృశించినవారిపై కేసు పెట్టబడును, వారి బోటు స్వాధీనపరచుకొనబడును అని చదివాను. పల్లె అంతా శ్రద్ధగా విని, రేపు గాలి ఎట్లా ఉంటుందో చెప్పమంది.

చవితి వెళ్లిన కొద్ది రోజులకు ఎర్ర చుక్క నిలిచిపోయింది. తీరం గీత మీదే నిలిచింది. మా పటంలో ఆ గీత మా పల్లె కంటే లావు, కాబట్టి చుక్క నీళ్లలో ఉందా నేల మీద ఉందా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. నీళ్లు ఎటూ తేల్చుకోని కాలమే గదా, నిలవడం సహజమే అనుకున్నాం. తర్వాత పగటి వేడి పెరగడం మొదలైంది. మధ్యాహ్నాలు సముద్రం పెనం మీది నీళ్లలా ఉన్నట్టు చెప్పింది యంత్రం.

ఆఫీసుల్లో మీరు కొత్తగా చేరి ఉంటే ఒక మాట చెబుతాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పినవాడికి ఎవరూ దండ వేయరు. ఏదో ఒకటి తేడాగా ఉందని చెప్పినవాడికే వేదిక మీద కుర్చీ. పెద్దసారు అన్నాళ్లూ తేడా కోసం ఎదురుచూస్తున్నారు, అది ఆయన ఇంటి ముందుకే వచ్చి నిలబడింది. జిల్లా పేపర్లో నెల్లూరు తీరాన ప్రవాహం స్తంభించిందని వార్త వచ్చింది. పక్కన సముద్రం వైపు వేలు చూపిస్తున్న సారు ఫొటో. ఆ వేలు చూపించే వైపు సముద్రం లేదు, బస్టాండు ఉంది. ఫొటో మా మేడ మీద తీశారు.

ఆ తర్వాత శుక్రవారాల సంగతి బయటపడింది. వారమంతా ఉడికే సముద్రం శుక్రవారం పొద్దున ఒక్కసారిగా చల్లబడి, సాయంత్రం దాకా చల్లగా ఉంటోంది. ప్రతి వారం అంతే.

చిన్నసారు మొదట యంత్రం చెడిందేమో అన్నాడు. పెద్దసారు అతని వైపు జాలిగా చూశారు. దూరాన ఎక్కడో లోతునీళ్లు ఏడు రోజులకోసారి పైకి ఉబికి, తీరానికి చేరేసరికి శుక్రవారం అవుతోందని ఆయన తేల్చారు.

"సార్, సముద్రానికి వారాలు తెలుసా?" అన్నాడు చిన్నసారు.

"దానికి తెలియదయ్యా. మనం గమనించాం. దాన్నే పరిశోధన అంటారు."

నా మటుకు నాకు వేరే కారణం తోచింది, నేను ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం జుమా రోజు. కాలిపోతున్న సముద్రం మీద అల్లా ఆ ఒక్క రోజు దయ చూపిస్తున్నాడనుకున్నాను. రెండు శుక్రవారాలు నమాజు తర్వాత ఇంకాసేపు కూర్చుని ఆ చల్లదనానికి ప్రత్యేకంగా దువా చేశాను. పెద్దసారు సిద్ధాంతానికీ నా దువాకూ ఆధారం ఒకటే ఎర్ర చుక్క. ఆ మాట వస్తే నాది ఖర్చు తక్కువ.

తీరం నీళ్లు కాగిపోతున్నాయి, చేపలు లోతుకు పోయాయి, దగ్గర్లో వల వేయవద్దని మైకులో చెప్పమన్నారు. చెప్పాను. ఆ వారాల్లోనే అక్క పల్లెలో కానాగంత చేపలు గంపలకు గంపలు పడ్డాయి. అక్క ఫోను చేసి, "మైకక్కా, లోతుకు పొయ్యిన చేపలు దారితప్పి మా వలలోకి వస్తుండాయి. వాటికి కూడా మైకు పెట్టించు" అంది. మళ్లీ తనే, "మా పల్లెకు కొత్తమ్మ వచ్చినాది. ఈ శుక్రారం పొంగలి పెడుతుండాం. నువ్వు రావాల" అంది.

ఆ శుక్రవారం పొద్దున్నే బోగోలులో ఆటో మాట్లాడుకుని పోయాను. గంగమ్మ గుడి ముందర ఇసుకలో కొత్తగా తాటాకు పందిరి వేశారు. పందిరి బయట, ఎండలో, చిన్న దిమ్మె మీద అమ్మ కూర్చుని ఉంది. పసుపు పూశారు, బొట్లు పెట్టారు, మెడలో వేపమండల దండ. పసుపుచీర కట్టారు. ఆడవాళ్లు వరసగా బోరింగు దగ్గర బిందెలు నింపుకుని వచ్చి నెత్తి మీద నుంచి నీళ్లు పోస్తున్నారు. తడిసిన చీర అతుక్కుని కింది ఆకారం కనబడింది. గుండ్రంగా ఉంది. గుమ్మడికాయంత ఉంది.

"ఏందక్కా, దెయ్యాన్ని చూసినట్టు నిలబడిపోతివి?" అంది అక్క.

"ఈ అమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?"

"గంగలోంచి. మా ఆయన వలలో ఎక్కినాది. వల చినిగింది, పోనీ. ఆ పొద్దు దాంతో పాటు ఎన్ని చేపలు పడినాయో చూసుంటే నువ్వే దండం పెడతావు. పైకి లాగి చూస్తే కింద పావడా ఉండాది. పావడా కట్టుకోనుంటే ఆడమనిషి కాక ఇంకెవురు?"

ఆ గుడ్డ గొట్టాన్ని వాళ్లు ఉతికి, మడిచి, గుళ్లో పీట మీద పెట్టారు. అమ్మ పాత బట్ట గనక పారేయకూడదు.

"పందిరిలో పెట్టకుండా ఎండలో ఎందుకు పెట్టారు?" అన్నాను. నా గొంతు నాకే మైకులోంచి వచ్చినట్టుంది.

"సముద్రం కనబడాల గదా తల్లికి. అందుకే శుక్రారం శుక్రారం పసుపునీళ్లు పోసేది. తడిచీర పొద్దుగూకేదాకా తియ్యం. పాపం, ఎండకి ఓర్చుకోవద్దా?"

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. పెద్దసారు దూరాన లోతుల్లో వెతికిన చల్లదనం ఎనిమిది గజాల దూరంలో బోరింగు కింద బిందెల్లోకి ధారగా పడుతోంది. నేను దువా చేసింది కూడా ఆ బోరింగుకే. నవ్వు వచ్చింది. అక్క నాకోసం ఆకులో పొంగలి పట్టుకొచ్చింది. "అమ్మకు చూపించక ముందే నీకు తీసిపెట్టినాలే, తిను" అంది. నైవేద్యం పెట్టింది తినని నా కట్టుబాటును నేను చెప్పకుండానే గుర్తుంచుకునే మనిషి ఆమె. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాక నవ్వు పోయింది. నేను రెండు నెలల కింద మైకులో చదివింది ఈమె భర్త బోటు గురించే.

చెప్పక తప్పలేదు. ఇది యంత్రమని, దీని గురించే ఆ రోజు చెప్పానని, ముట్టుకుంటే బోటు పట్టుకుపోతారని చెప్పాను. ఆమె మళ్లీ ఎత్తుకున్న బిందెను కింద పెట్టింది.

"నువ్వు చెప్పింది ఏదో ఉపకరణం. మాకు దొరికింది బంతి," అంది. "బోటు పోతే మేం ఏం తినాలక్కా?"

ఆఫీసుకు వెళ్లి చెప్పకుండా ఉండవచ్చు. కానీ తుపాన్ల కాలం దగ్గరపడుతోంది, నీళ్లు ఎటు తిరుగుతున్నాయో, ఎంత వేడిగా ఉన్నాయో తెలియాలంటే ఆ బంతి నీళ్లలో ఉండాలి. ఆ హెచ్చరిక లేకపోతే పోయేది ఒక్క బోటు కాదు, ఆమె భర్త కూడా అందులో ఉంటాడు. నమాజు చేసుకుని, మంచి మాట నోటికి అందించమని అడుక్కుని, పెద్దసారు గదిలోకి పోయాను.

ఆయన మొదట నమ్మలేదు. తర్వాత నమ్మి లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చుని ఏసీ పెంచమన్నారు. చాలాసేపటికి ఆయనకు కోపం దొరికింది. కోపం దొరికాక ఊపిరాడింది. దొంగతనం కింద కేసు పెడతానని, బోటు స్వాధీనం చేయిస్తానని, వచ్చే శుక్రవారం అందరి ముందే పట్టుకుంటానని అన్నారు. ఆ వారమంతా ఫిర్యాదుకు సరిపడే పెద్ద పదాల కోసం నన్ను అడుగుతూనే ఉన్నారు.

శుక్రవారం జీపులో ముగ్గురం పోయాం. పల్లె పల్లెంతా గుడి ముందు చేరింది. మేం పోయేసరికి నీళ్లు పోయడం అయిపోయింది, అమ్మ తడిచీరలో నిగనిగలాడుతోంది. పెద్దసారు దాన్ని చూశారు. ఆయన సిద్ధాంతం బొట్టు పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. కొంచెం కళ్లు తిరిగాయేమో, జీపు తలుపు పట్టుకున్నారు.

ఎవరు తెచ్చారని గద్దించారు. అక్క భర్త ముందుకొచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే సార్."

"స్టేషన్లో ఈ మాట చెబుతావా?"

"యాడైనా చెప్తా సార్. దాచేదేముంది? చవితి పొయ్యిన వారమే తెచ్చినా. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఈడనే ఉండాది, ఒక్క అడుగు కదల్లా. పల్లెంతా సాక్షి. పేపరోళ్లు వచ్చినా చెప్తా."

అతను భయపడి చెప్పిన మాటలు అవి. బోటు దక్కాలంటే నిజం దాచకూడదని అనుకున్నాడు పాపం. కానీ అంత మెత్తగా పెద్దసారును ఎవరూ బెదిరించి ఉండరు. చవితి పోయిన వారం నుంచి ఒక్క అడుగు కదల్లేదు. పేపర్లో వార్త ఆ తర్వాతిది. ఉపన్యాసాలు ఆ తర్వాతివి. పైవాళ్ల నుంచి వచ్చిన మెచ్చుకోలు ఆ తర్వాతిది. ఇవన్నీ ఆయన ముఖం మీద ఒకదాని వెనక ఒకటి నడిచిపోవడం నేను చూశాను.

చిన్నసారు నెమ్మదిగా, "సార్, కేసు పెడితే ఎప్పుడు తీశారో రాయాలి గదా" అన్నాడు. అతను చేసిన పనులన్నింటిలో మా ఆఫీసుకు ఎక్కువ ఉపయోగపడింది ఆ మాటే.

అల వచ్చింది, పోయింది. అప్పుడు నేను, అడుక్కున్న మంచి మాట అందిందో లేదో తెలియకుండానే నోరు తెరిచాను.

"సార్, గాలి తిరిగింది. నీళ్లు దక్షిణానికి దిగుతున్నట్టున్నాయి. మనకు కావలసింది ఈ వేళే గదా. వీళ్లే బోటులో తీసుకుపోయి వదిలితే సరిపోతుంది. బోటు లేకపోతే దాన్ని ఎవరు మోసుకుపోతారు?"

పెద్దసారు సముద్రం వైపు చూశారు, బోటు వైపు చూశారు. చివరికి, శాస్త్రానికీ ప్రజలకూ మధ్య సహకారం ఉండాలని తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నారు. అట్లా చెప్పడం మేమెవ్వరం వినలేదు, అయినా తలూపాం.

ఇక అమ్మను సాగనంపడం మిగిలింది. ఊరికే సాగనంపుతారా? గుళ్లోంచి పావడా తీశారు. వలలో చిక్కినప్పుడు అది రెండుచోట్ల చినిగింది. అక్క భర్త వల అల్లే దారంతో కుట్టాడు. కుట్టు చూసి నాకు మా నాయన గుర్తొచ్చారు. కట్టిన చీరను విప్పారు, బంతి అడుగున అంటిన పసుపును చిన్నసారు గుడ్డతో జాగ్రత్తగా తుడిచాడు. బొట్లను మాత్రం తుడవనివ్వలేదు. అప్పుడు అక్క పళ్లెంలో టెంకాయ పెట్టుకుని పెద్దసారు ముందు నిలబడింది.

"సారూ, మీ ఆడబిడ్డ లాంటిది. మీరే కొట్టాల."

ఆయన కొట్టారు. పగల్లేదు. మళ్లీ కొట్టారు. మూడోసారి రాయి తప్పి ఇసుకకు తగిలింది. "కోపంతో కొడితే పగలదు సారూ, ఊరికే కొట్టండి" అంది అక్క. ఈసారి పగిలింది. రెండు చిప్పలూ సమంగా వచ్చాయి. పల్లె ఆడవాళ్లు తృప్తిగా తలూపారు.

ప్రయాణం పర్యవేక్షించడానికి ఆఫీసు తరఫున ఒకరు పోవాలి. పెద్దసారుకు అప్పుడే ఫోను వచ్చింది. చిన్నసారు ఎక్కాడు. వాళ్లు తిరిగి వచ్చేటప్పటికి అతను కడుపులోదంతా గంగమ్మకు సమర్పించి, తెల్లటి ముఖంతో, చేతుల మీద దిగాడు. ఎర్ర చుక్క మాత్రం మా కంప్యూటర్లో కదలడం మొదలుపెట్టింది. బోటు ఒడ్డుకు లాగి, దాని మామూలు చోట బోర్లించారు. అక్క దాని అంచు మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది. ఆ చెయ్యి చూసినప్పుడు నేను చెప్పుకున్న కృతజ్ఞత ఇంతకు ముందు ఏ జీతం రోజునా చెప్పుకోలేదు.

నిలిచిన వారాల కొలతలు లెక్కకు పనికిరావని చిన్నసారు గుర్తు పెట్టాడు. ఏడాది చివరి నివేదికలో, స్థానిక ప్రజల భాగస్వామ్యంతో ఉపకరణాన్ని పునఃప్రవేశపెట్టినట్టు పెద్దసారు రాశారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ నివేదిక వల్లే ఆయనకు పెద్ద పదవి వచ్చి, సముద్రం లేని ఊరికి వెళ్లారు. ఆయన ఆరోగ్యానికి అదే మంచిది.

మీతో చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ తర్వాతిది. మైకులో ఉష్ణశక్తి అని చెబితే చెవిన పెట్టని పల్లె, ఆ వారం నుంచి నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అమ్మ యాడ ఉండాది? పులికాట్ దాటిందని చెప్పాను. చెన్నై దాటింది. లంక దగ్గరికి పోయింది. శుక్రవారం శుక్రవారం మైకులో గాలి, అల చెప్పాక అమ్మ ఎంతవరకు పోయిందో చెప్పేదాన్ని. అక్కడ నీళ్లు వెచ్చగా ఉన్నాయా అని అడిగేవారు. వెచ్చగానే ఉన్నాయంటే, దిష్టి తగలకుండా ఉండాలని అనుకునేవారు.

అట్లా అడుగుతుంటే చెప్పుకుంటూ పోయాను. మన ముందు నుంచి పోయిన నీళ్లు లంకను చుట్టి, కొంత పడమటి సముద్రంలోకి పోతాయి. ఇక్కడి నుంచి మోసుకుపోయిన మంచినీళ్ల మీగడ కేరళ ముందు సముద్రం మీద పరుచుకుంటుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ పొర బాగా కాగుతుంది. మే నెలకు ఆ నీళ్లు మన సముద్రాలన్నింటిలోకీ బాగా వేడెక్కినవాటిలో చేరతాయి. తొలకరి మబ్బు కట్టేది ఆ వైపే. మన వాకిట్లోంచి పోయిన నీళ్లకు కూడా ఆ వానలో కొంచెం చెయ్యి ఉంటుందంటారు.

అక్క ఇది విని చేపల పొలుసు గీకడం ఆపింది. "అంటే మన నీళ్లు అంత దూరం పొయ్యి వానకు చెప్పొస్తాయా?" అంది. దాదాపు అంతే అన్నాను. పెద్దసారు ఉంటే ఆ దాదాపు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చేవారు.

శివరాత్రి దాటాక ఒకరోజు చిన్నసారు నన్ను పిలిచాడు. ఎర్ర చుక్క కేరళ తీరంలో నిలిచిపోయింది. పగటి వేడి పెరుగుతోంది. ఈసారి అతను ప్రవాహం స్తంభించిందని అనలేదు. ఉపగ్రహం తీసిన ఫొటో పటం తెరిచి దగ్గరికి లాగాడు. ఆ పటం మా ఆఫీసులో మొదటి నుంచీ ఉంది. సంబంధం వచ్చిన ఇళ్లు డాబాలా రేకులా అని చూసుకోవడానికి మాత్రమే దాన్ని వాడేవాడు. చుక్క ఇసుక మీద ఉంది. పక్కన వరసగా పడవలు, వాటి వెనక ఒక చిన్న చర్చి.

"వారానికోసారి చల్లబడుతోంది మేడం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ రోజు?"

"ఆదివారం."

అక్కడి ఆఫీసు వాళ్లకు కబురు పంపాలా అని అడిగాడు. పంపుదాం, మర్యాద గదా, కానీ బోటు ఊసు ఎత్తకుండా రాయమన్నాను. ముందు నేను పల్లెకు పోయి రావాలి. ఈ కబురు మైకులో చెప్పేది కాదు.

అక్క ఒడ్డున గంప బోర్లించుకుని కూర్చుని ఉంది. భర్త బోటు ఇంకా రాలేదు, దూరంగా కనబడుతోంది. అమ్మ ప్రయాణం ఆగిపోయిందని, ఎవరో పైకి తీశారని, అక్కడ మన గుడి లేదు, చర్చి ఉందని, ఆదివారాలు నీళ్లు పోస్తున్నట్టున్నారని చెప్పాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

ఆమె బోటు మీది నుంచి చూపు తిప్పలేదు.

"నీళ్లయితే పోస్తుండారు గదా," అంది. "ఎండలో పెట్టినోళ్లకు ఆ మాత్రం తెలిస్తే చాల్లే. ఆ తెచ్చినోడి బోటు జోలికి ఎవురూ పోకుండా నువ్వు దువా చెయ్యక్కా."